మొగ దగ్గర మాగ కోసం

తాడేపల్లిగూడెం బజారులో మాది దారాలు, జరీలు, లేసులు అమ్మే కొట్టు. ఈ ప్రయాణం అక్కడే మొదలైంది. పెంటపాడు నుంచి సుగుణ గారని ఒకావిడ, అరవై దాటిన మనిషి, అప్పుడప్పుడూ వచ్చి వెండి జరీ కొంచెం కొంచెంగా కొనుక్కునేవారు. ఏ రంగు చీర మీదకండీ అని ఓసారి అడిగాను. "చీరకి కాదండీ, చేపలకి" అన్నారు. హాస్యానికి అన్నారనుకున్నాను. మళ్ళీ వచ్చినప్పుడు చిన్న రేకు డబ్బా తెచ్చి గల్లాపెట్టె మీద తెరిచారు. లోపల ఒక గాలం ముల్లు. దాని చుట్టూ కోడిపుంజు మెడ మీది తెల్లటి ఈకలు, వాటి మధ్యలో మా కొట్టు జరీ. నీళ్ళ గ్లాసు అడిగి అందులో ముంచి కదిపారు. ఈకలు ముడుచుకుని విచ్చుకున్నాయి. గ్లాసులో ఒక చిన్నచేప ఈదుతోంది! దుకాణంలో బేరాలు నిలబడి ఉన్నా ఆ గ్లాసు మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

సుగుణ గారి భర్త సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేశారు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ కూడా ఆయనతో పాటు ఓడెక్కి తిరిగారు. ఒకసారి ఓడ మరమ్మతు కోసం స్కాట్లండులో ఒక చిన్న రేవులో నెలల తరబడి ఆగిపోయిందట. వాళ్ళు బస చేసిన ఇంటి పక్కన ఉండే ముసలావిడ రోజూ తొడల లోతు సముద్రంలోకి దిగి, ఎర అనేదే లేకుండా, ఈకలు కట్టిన గాలం విసిరి సాల్మన్, ట్రౌట్ అనే చేపలు పట్టేదట. ఆ విద్య సుగుణ గారికి ఆవిడే నేర్పింది. భర్త ఉద్యోగం మానేసి, ఇద్దరూ పెంటపాడు వచ్చి వరి వ్యవసాయంలో పడ్డాక, స్కాట్లండు నుంచి తెచ్చుకున్న గాలం కర్ర అటకెక్కింది. బాధ్యతలు తీరాక దింపారు. మన సముద్రంలో సాల్మన్ ఉండదు గాని మాగ ఉంటుంది. చుట్టరికం ఏమీ లేకపోయినా పట్నాల్లో దాన్ని ఇండియన్ సాల్మన్ అని అమ్ముతారు. ఒడ్డున నిలబడి ఈక గాలంతో మాగని పట్టాలని ఆవిడ కొన్నేళ్ళుగా తిరుగుతున్నారు. చిన్నాచితకా పడ్డాయి గాని మాగ ఒక్కటీ పడలేదు.

"వచ్చే నెల భుజానికి ఆపరేషనండీ" అన్నారు సుగుణ గారు డబ్బా మూస్తూ. "తర్వాత చెయ్యి పనిచేస్తుంది గాని విసరడం మాత్రం మర్చిపొమ్మన్నారు డాక్టరు గారు. ఈసారి వెళ్ళిందే ఆఖరు."

"నేనూ రావచ్చాండీ?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. చేపల మార్కెట్టు వైపు వెళ్ళాల్సివస్తే పక్క వీధిలోంచి తిరిగి వెళ్తాం.

ఇంట్లో చెబితే మా ఆయన నవ్వేసి కొట్టు తను చూసుకుంటానన్నారు. అత్తగారు మాత్రం సుగుణ గారిని పిలిపించి సూటిగా అడిగారు. "చంపుతారాండీ?"

"లేదండీ పిన్నిగారూ. ఒక్కసారి చేత్తో పట్టుకుని చూసి వదిలేస్తాను. గాయం పెద్దది కాకుండా గాలం ముల్లు కొసన వెనక్కి తిరిగి ఉండే కొక్కెం కూడా నొక్కేసి ఉంటుంది" అన్నారు సుగుణ గారు.

"అయితే చూసి రా" అన్నారు అత్తగారు నాతో.

కార్తీకం మొదట్లో, వానలు వెనకపట్టాక బయలుదేరాం. మోకాళ్ళు బాగాలేక సుగుణ గారి భర్త రాలేదు. ఉదయం ఏడు దాటాక గూడెం స్టేషన్లో పాసింజరు ఎక్కాం. గాలం కర్ర నాలుగు ముక్కలుగా విడిపోయి ఒక పొడుగాటి అల్యూమినియం గొట్టంలో ఉంది. దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చున్నారు ఆవిడ. ఎదురుగా పెదవేగి వెళ్ళే పామాయిల్ రైతు ఒకాయన చాలాసేపు చూసి ఆగలేకపోయారు.

"ఏవండీ, అది సర్వే గొట్టమాండీ? మా వైపు రోడ్డేమైనా వేస్తున్నారా?"

"కాదండీ, గాలమండీ."

"గాలమా! ఏలూరు కాలవలో ఏముంటాయండీ పట్టడానికి?" అని ఆయన జాలిగా చూశారు.

సముద్రానికి వెళ్ళాలంటే గూడెం నుంచి తిన్నగా భీమవరం బస్సెక్కితే సరిపోతుంది. మేము ఏలూరు మీదుగా కొల్లేరు చుట్టి వెళ్ళడానికి కారణం ఉంది. వానలకి నిండిన కొల్లేరు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి దిగుతుంది. ఆ నీటితో పాటు రొయ్యపిల్లలు, చేపపిల్లలు కొట్టుకొస్తాయి. వాటిని తినడానికి మాగలు మొగ దగ్గరకి చేరతాయి. ఏరు సముద్రంలో కలిసే చోటుని అక్కడివాళ్ళు మొగ అంటారు. కొల్లేరు ఎలా దిగుతోందో చూస్తే గాని మొగ దగ్గర ఏముంటుందో తెలీదని సుగుణ గారి లెక్క.

ఏలూరులో దిగి ఇడ్లీ తిని, కైకలూరు బస్సెక్కాం. కిటికీ పక్క సీటు నాకిచ్చారు. ఊరు దాటి కాస్త దూరం వెళ్ళాక రోడ్డు కట్ట ఎక్కి, వంతెన మీదకి సాగింది. రెండు పక్కలా నీళ్ళు పరుచుకున్నాయి. గుర్రపుడెక్క పచ్చగా తేలుతోంది, మధ్యమధ్యలో ఆకాశం ముక్కలుగా కనిపిస్తోంది. ఇంత దగ్గర్లో పుట్టి పెరిగి కొల్లేటిని నేను వంతెన మీంచి సరిగ్గా చూసింది అదే మొదలు. బస్సు హారను కొట్టేసరికి నీళ్ళ మీద తెల్లగా పరిచినట్టున్నదంతా ఒక్కసారిగా లేచింది. గూడబాతులు, ముక్కు కింద సంచి వేలాడేవి. ఒక్కొక్కటి మేకపిల్లంత ఉంది. అంత బరువైన పక్షులు రెక్కలు నీటికి తగిలిస్తూ పరిగెత్తి, తేలిపోయి, బస్సు పైనుంచి నీడలు పరుచుకుంటూ వెళ్ళాయి. నేను సీట్లోంచి సగం లేచి అవి కనబడినంత దూరం చూశాను.

"ఇప్పుడే ఏముందండీ, ఇంకొన్నాళ్ళు పోతే చూడాలి" అంది వెనక సీట్లో ఆకుకూరల గంప పెట్టుకున్న ఆవిడ, అవన్నీ తన పెంపుడు పక్షులన్నట్టు.

సుగుణ గారు పక్షుల్ని చూడలేదు. వంతెన కింద నీటినే చూస్తున్నారు. "గుర్రపుడెక్క కదులుతోంది చూడండి భారతి గారూ. అంతా ఒకే వైపుకి. ఏరు లాగుతోంది" అన్నారు.

ఆ రాత్రికి మండవల్లిలో వాళ్ళ అక్కగారు వరలక్ష్మి గారింట్లో దిగాం. వాళ్ళవి చేపల చెరువులు. ఇంటి వెనక నుంచి చూపు ఆనినంత మేర చెరువు గట్లే. మాకు ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, నా కోసం విడిగా వండిన వంకాయ కూర పెట్టారు. వడ్డిస్తూనే వరలక్ష్మి గారు చెల్లెల్ని దులిపేశారు.

"మన చెరువులో వలేస్తే లారీ నిండుతుంది. నువ్వేమో ఒక్క చేప కోసం సముద్రం దాకా పోతావు. అది కూడా వదిలేయడానికి! ఆ భుజం ఇంకా పాడైతే మరిది గారికి నేనేం చెప్పాలే?"

"నీ చెరువులో చేపలు నువ్వు పోసినవక్కా. అది ఎక్కడిదో ఎవరికీ తెలీదు. అది నా దగ్గరకి రావాలి" అన్నారు సుగుణ గారు. వరలక్ష్మి గారు నా వైపు తిరిగి, "మీరైనా చూస్తూ ఉండండమ్మా. నొప్పంటే ఆపించెయ్యండి" అన్నారు. సరేనన్నాను.

మర్నాడు ఉదయం మండవల్లి స్టేషన్లోనే భీమవరం వైపు రైలెక్కాం. ఆకివీడు దగ్గర రైలు ఉప్పుటేరు దాటుతుంది. ఇద్దరం తలుపు దగ్గర నిలబడి కిందకి చూశాం. బురదరంగు నీరు నిండుగా, తొందర లేకుండా వెళ్తోంది. నిన్న బస్సులోంచి చూసిన నీరు ఇదేనని, మేము వెళ్ళేచోటికే ఇదీ వెళ్తోందని అనుకుంటూ ఏరు కనుమరుగయ్యేదాకా చూశాను. భీమవరంలో పెసరట్టు తిని, మొగల్తూరు వైపు బస్సులో వెళ్ళి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకున్నాం. కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు, తర్వాత సరుగుడు తోటలు. తోటల్లో గాలి మోత వినబడుతూండగానే ఆ మోతలో ఇంకో మోత కలిసింది. ఆటో ఆగింది. ఇసుక దిబ్బ ఎక్కాం.

అప్పటిదాకా నాకు తెలిసిన సముద్రం పిల్లలతో వెళ్ళి కాళ్ళు తడుపుకుని, మొక్కజొన్న పొత్తు తిని వచ్చేసేది. ఇది వేరు. కుడి వైపు నుంచి ఉప్పుటేరు గోధుమరంగులో వచ్చి సముద్రంలోకి చొచ్చుకుపోతోంది. సముద్రం ఆకుపచ్చగా ఎదురొస్తోంది. రెండూ కలవకుండా, మధ్యలో చీర అంచులాగా నురగ గీత. ఆ గీత పొడవునా చిన్నచిన్న చేపలు గుప్పెళ్ళతో చల్లినట్టు పైకెగిరి పడుతున్నాయి. వాటి మీద సముద్రపు పిట్టలు అరుస్తూ దూకుతున్నాయి. నీటి కింద నుంచి వాటిని ఏదో తరుముతోంది. ఏది తరుముతోందో కనబడటం లేదు.

ఒడ్డు మీంచి పదిమంది కలిసి లాగే అలివి వల పని అయిపోయి, మగవాళ్ళు వల సర్దుకుంటున్నారు. గంప పెట్టుకుని కూర్చున్న ఒక మత్స్యకారుల ఆడమనిషిని అడిగితే చోటు చూపించింది. "ఆ ఇసుక తిన్నె దాటి పోమాకండమ్మా. పాటుకి నీళ్ళు సముద్రంలోకి లాగేసినప్పుడు కాళ్ళ కింద ఇసుక ఉండదు" అంది. వెళ్ళాలనుకున్నవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. మొగ దగ్గర నీరు చూడటానికి మెత్తగానే ఉంటుంది. మోకాలు దాటి దిగకుండా, ఒంటరిగా వెళ్ళకుండా, ఊళ్ళోవాళ్ళు చూపించిన చోటే నిలబడాలి.

సుగుణ గారు సల్వారు మడిచి, పాత కాన్వాసు బూట్లు తొడుక్కున్నారు. నడుముకి ఒక ప్లాస్టిక్ బేసిను కట్టుకున్నారు, లాగిన తాడు అలల్లో చిక్కుపడకుండా అందులో పడటానికి. గంప ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత సుగుణ గారు మోకాలి లోతుకి దిగి కర్ర ఎత్తారు.

నవ్వడం మానేశాం. లావుపాటి పసుపురంగు తాడు ఆవిడ తల మీదుగా వెనక్కి వెళ్ళి, గాలిలో నిండుగా చాపుకుని, ఒక్క క్షణం ఆగి, మెలిక విప్పుకుంటూ ముందుకొచ్చింది. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి. ప్రతిసారీ ఇంకాస్త పొడుగు. చివరికి చెయ్యి వదిలేసరికి తాడంతా సముద్రం మీదకి పారిపోయి, కొసన ఉన్న ఈక నురగ గీత మీద చప్పుడు లేకుండా వాలింది. ఆ లావుపాటి ఒంట్లో, ఆ వయసులో, అంత ఒడుపు ఎక్కడ దాచుకున్నారో! కాసేపు ఆగి గుప్పెడు గుప్పెడుగా తాడు లాగేవారు. మళ్ళీ విసిరేవారు.

గంట గడిచింది. ఏమీ లేదు. ఇంకో గంటకి ఒక చిన్న చేప పడితే విదిలించి వదిలేశారు. ఎండ ఎక్కింది. విసిరినప్పుడల్లా ఆవిడ పళ్ళు బిగించడం ఒడ్డు నుంచే కనబడుతోంది. నేను నీళ్ళ సీసా పట్టుకుని దగ్గరకి వెళ్ళాను.

"ఇంక చాలండీ. అక్కగారికి మాటిచ్చాను."

"ఇంకొక్కటండీ" అన్నారు. ముఖం పాలిపోయి ఉంది. ఆ ఒక్కటీ విసరలేకపోయారు. సగం దూరంలోనే చెయ్యి జారి తాడు ముద్దగా పడింది. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. ఇంతేనన్నట్టు నెమ్మదిగా తాడు లాక్కోవడం మొదలుపెట్టారు.

ఈక దాదాపు ఒడ్డు దాకా వచ్చేసింది. నా కళ్ళ ముందే, రెండు అలల మధ్య, నీరు ఉబ్బింది. లోపల వెండి రేకులాంటిదేదో పక్కకి తిరిగింది. కర్ర విల్లులా వంగిపోయింది.

"భారతి గారూ!" అని ఆవిడ ఒక్క కేక పెట్టారు. బేసినులో తాడు బుసకొడుతూ లేచి వెళ్ళిపోయింది. తర్వాత కర్ర పిడికి ఉన్న తాడు చుట్టే రీలు గిర్రుమని పాడటం మొదలుపెట్టింది. చేప సముద్రంలోకి పోతోంది. ఆగే సూచన లేదు. పసుపు తాడు అయిపోయి లోపలి సన్నటి తెల్లతాడు వచ్చింది. అదీ సగానికి వచ్చింది. సుగుణ గారు కర్రని పొట్టకి ఆనించుకుని రెండు చేతులా పట్టుకున్నారు. అంతలో ఆవిడ కుడి చెయ్యి ఒక్కసారిగా చచ్చుబడినట్టు జారింది.

"పట్టుకోండి! నా వల్ల కాదు, పట్టుకోండి!"

నేను చీర కుచ్చిళ్ళతోనే నీళ్ళలోకి దూకి కర్ర అందుకున్నాను. అవతల ఉన్నదాని బలం నా మోచేతుల్లోకి, భుజాల్లోకి, దవడల్లోకి పాకింది. కరెంటు తీగ పట్టుకున్నట్టుంది గాని కరెంటుకి ప్రాణం ఉండదు. దీనికి ఉంది. అది తల విదిలించడం నాకు తెలుస్తోంది. కోపమో భయమో తెలుస్తోంది.

"లాగితే పోనివ్వండి. ఆగితే చుట్టండి. అంతే" అని సుగుణ గారు నా వీపు మీద ఎడమ చెయ్యి వేసి నిలబడ్డారు. అది లాగింది, పోనిచ్చాను. ఆగింది, చుట్టాను. ఒడ్డు వెంబడి అది ఎటు తీసుకెళ్తే అటు నడిచాను. చీర బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంది. వల సర్దేవాళ్ళు పని ఆపి మా వెంట వచ్చారు. గంప ఆవిడ "వదలమాక తల్లీ, వదలమాక" అంటూ మాతో పాటే నడిచింది. ఎంతసేపో తెలీదు. చివరికి ఒక అల దాన్ని ఎత్తి మోకాలి లోతులోకి తెచ్చి పెట్టింది.

మాగ. నా చెయ్యంత పొడుగు. వీపు పొగమబ్బు రంగు, పక్కలు వెండి, రెక్కలకి పసుపు ఛాయ. మూతి గాజులా పలచగా, అవతలి వెలుతురు కనబడేలా ఉంది. రెక్కల కింద నుంచి సన్నటి పొడుగాటి దారాలు నీళ్ళలో విడిగా కదులుతున్నాయి. బురదనీళ్ళలో దారి తడుముకోవడానికట. రోజూ దారాలు చూసే నేను అలాంటి దారం ఎక్కడా చూడలేదు.

సుగుణ గారు మోకాళ్ళ మీద కూలబడి, ఎడమ చేత్తో దాని దవడ నుంచి గాలం తీసేశారు. అరచేత్తో ఒక్కసారి తల నుంచి తోక దాకా నిమిరారు. "వచ్చావా" అన్నారు మెల్లగా.

వదిలారు. అది వెళ్ళలేదు. పక్కకి ఒరిగిపోయింది. తెల్లటి పొట్ట పైకి తేలింది.

"చచ్చిపోయిందాండీ?"

"అలిసిపోయింది. ఊపిరందటం లేదు. మీరు పట్టుకోవాలండీ. నా చెయ్యి లేవటం లేదు. ఒక చెయ్యి తోక దగ్గర, ఒకటి పొట్ట కింద. నీళ్ళు వచ్చే వైపుకి తల తిప్పి పట్టుకోండి."

జీవితంలో చేపని ముట్టుకోలేదు నేను. వంగి, రెండు చేతులూ దాని కిందకి పోనిచ్చాను. చల్లగా, జారుగా, బరువుగా ఉంది. తల అలలకి ఎదురుగా తిప్పాను. నీరు దాని నోట్లోకి వెళ్ళి మొప్పల్లోంచి బయటికొస్తోంది. మొదట ఏమీ లేదు. అల వచ్చింది, పోయింది. వెళ్ళమ్మా, వెళ్ళు అని గొణుగుతున్నాను. చుట్టూ అందరూ నిలబడి చూస్తున్నారు. అప్పుడు నా ఎడమ అరచేతిలో ఏదో అదిరింది. మొప్ప ఒకసారి విచ్చుకుంది. ఆగింది. మళ్ళీ విచ్చుకుంది. నెమ్మదిగా అది ఒక వరసలో పడింది. ఒరిగిన ఒళ్ళు తనంతట తనే నిటారైంది. ఎక్కడో లోతుల్లో పుట్టి, ఎవరి లెక్కలోనూ లేని ప్రాణి నా చేతుల్లో పడుకుని ఊపిరి పీలుస్తోంది. నేనూ దానితో పాటే పీలుస్తున్నాను.

తోక ఒక్కసారి బలంగా కొట్టింది. నా ముఖం నిండా ఉప్పునీళ్ళు. కళ్ళు తుడుచుకుని చూసేసరికి చేతుల్లో నీళ్ళే ఉన్నాయి.

"అంత చేపని సముద్రంలో పోసేశారా!" అని గంప ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుంది. చాలాసేపు మమ్మల్ని తిట్టింది. తర్వాత ఇసుకలో మా పక్కనే కూర్చుని, "ఇక్కడే పుట్టానమ్మా నేను. మాగ ఒడ్డుకి రావడమే చూశాను. తిరిగి పోవడం చూళ్ళేదు" అంది.

సరుగుడు నీడలో పులిహోర పొట్లాలు విప్పుకున్నాక అడిగాను. "ఆఖరుసారి కదండీ, మీరు పట్టాల్సింది. నా చేతిలో పడిందని బాధగా లేదాండీ?"

సుగుణ గారు నొప్పి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నవ్వారు. "అది కొట్టినప్పుడు కర్ర నా చేతిలోనే ఉందండీ. ఇన్నేళ్ళూ తిరిగింది ఆ దెబ్బ కోసమే. మిగతాదంతా చాకిరీ. అది మీరు చేశారు." సముద్రం వైపు తిరిగి, "అది బతకడం మాత్రం నేను చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడూ అలా కూర్చుని చూడలేదు. బాగుందండీ" అన్నారు.

సాయంత్రం ఆటోలో మొగల్తూరు, అక్కడి నుంచి భీమవరం. బస్సు కాంప్లెక్సులో టీ తాగి గూడెం బస్సెక్కాం. నా చీర సగం ఎండి, ఉప్పు తెల్లగా గట్టిపడింది. ఒంటి నిండా ఇసుక. చేతులు చేపల వాసన వేస్తున్నాయి. భీమవరంలో కొళాయి దగ్గర నిలబడి కూడా ఎందుకో కడుక్కోబుద్ధి కాలేదు. సుగుణ గారు మాత్ర వేసుకుని, కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. బయట కోతకి సిద్ధమవుతున్న చేలు, వాటి పక్కనే కాలవలు, కాలవల్లోంచి చేలల్లోకి బోదెలు, బోదెల్లోంచి మురుగు కాలవలు. పుట్టిన దగ్గర నుంచి చూస్తున్న నీళ్ళే. ఇదంతా రాత్రీ పగలూ ఎటో వెళ్తోందని, వెళ్ళేచోట దాని కోసం ఎదురుచూసే ప్రాణులున్నాయని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. బస్సు చిన్న వంతెన దాటినప్పుడల్లా ఆవిడ మీదుగా కిటికీ వైపు వంగి నీళ్ళు ఎటు పోతున్నాయో చూశాను.

పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ నా చీర, నా జుట్టు ఎగాదిగా చూశారు. కొంచెం ముక్కు ఎగబీల్చారు.

"సముద్రానికెళ్ళొస్తున్నారా అమ్మా? చేపలు తెచ్చారా?"

"వెళ్ళామండీ. ఏమీ తేలేదండీ" అన్నాను.

"అయ్యో, అంత దూరం వెళ్ళి!" అన్నారు ఆవిడ నిజంగానే బాధపడుతూ. నవ్వాను. ఒళ్ళో నా చేతులు ఇంకా దోసిలిగానే ఉన్నాయి.